మా అమ్మకు అమెరికా సుప్రీంకోర్టు గురించి ఎలా చెప్పాలి?

జెర్సీ_మిరపకాయ్
మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మూడు నెలలైంది. మొదటి వారమంతా చలికి దుప్పట్లోంచి బయటికి రాలేదు. రెండో వారం టీవీ ముందు కూర్చుంది, ఇంక లేవలేదు. ఇప్పుడు సెనేట్‌లో ఎవరు ఏ పార్టీయో తెలియకపోతే మేం ఆవిణ్ణే అడుగుతున్నాం.

తెలియనివాళ్ల కోసం: నేను జెర్సీ సిటీలో ఉంటా, లెస్బియన్‌ని. లూసియాకీ నాకూ 2019లో సిటీ హాల్లో పెళ్లయింది. తనది పెరూ. అమ్మ రెండేళ్లు నాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది, ఇప్పుడు తనని "లూసమ్మా" అని పిలుస్తుంది. ఆ కథ ఇంకోసారి.

సమస్య ఏంటంటే, రోజూ పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ అమ్మ అడిగే మొదటి మాట: "మీ పెళ్లి ఉంచారా, తీసేశారా?"

మొన్న శనివారం ఎడిసన్‌లో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాల దగ్గర ఒకాయన నాతో "మీ కేసులన్నీ 2015లోనే తేలిపోయాయి కదమ్మా, ఇంకా ఆ ఊరేగింపులూ జెండాలూ దేనికి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ గుత్తొంకాయ వడ్డించుకుంటూ, తలెత్తకుండా, "మా పొలం కేసు 1987లో తేలింది. 1994లో మళ్లీ తెరిచారు" అంది. బల్ల చుట్టూ ఎవ్వరూ మాట్లాడలేదు.

కారులో మాత్రం మెల్లిగా అడిగింది. "నిజంగా మళ్లీ తెరుస్తారా?" నాకు జవాబు రాలేదు. ఇంకో రెండు నెలల్లో వెళ్లిపోతుంది. అక్కడ ఒంటరిగా కూర్చుని భయపడకూడదు, అలాగని నేను అబద్ధమూ చెప్పకూడదు. ఎలా చెప్పమంటారు?

పులిహోర_ప్యాకెట్
ఆంటీని ఇక్కడ సభ్యురాలిగా చేర్చండి. మిగతాది తర్వాత చూద్దాం.

క్లాజు_కామేశ్వరి
పొలం కేసుతో పోల్చారంటే సగం పని ఆంటీయే చేసేశారు. అదే దారిలో చెప్పండి.

2015 జూన్ 26న ఓబర్‌గఫెల్ తీర్పు వచ్చింది. అయిదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. దేశమంతటా స్వలింగ పెళ్లి హక్కు నిలబడింది ఒక్క ఓటు తేడాతో. అవునన్న అయిదుగురిలో కోర్టులో మిగిలింది ఇద్దరే, సొటొమయోర్, కేగన్. తీర్పు రాసిన కెనడీ 2018లో రిటైరయ్యాడు. కాదన్న నలుగురిలో ముగ్గురు ఇంకా ఆ కుర్చీల్లోనే ఉన్నారు. 2022 జూన్‌లో అబార్షన్ హక్కు కొట్టేసినప్పుడు, వాళ్లలో ఒకరైన జస్టిస్ థామస్ ఓబర్‌గఫెల్‌నీ తిరిగి చూడాలని విడిగా రాశాడు. ఆంటీ భయానికి ఆధారం ఉంది.

ఇప్పుడు ధైర్యం సంగతి. అదే ఏడాది డిసెంబరు 13న రెస్పెక్ట్ ఫర్ మ్యారేజ్ యాక్ట్ చట్టమైంది. రేపు తీర్పు పోయినా, చట్టబద్ధంగా జరిగిన పెళ్లిని కేంద్రమూ గుర్తించాలి, మిగతా రాష్ట్రాలూ గుర్తించాలి. ఈ చట్టం చెయ్యలేనిది ఒకటుంది: కొత్త లైసెన్సులు ఇచ్చితీరాలని ఏ రాష్ట్రాన్నీ బలవంతపెట్టదు. ఆంటీ భాషలో చెప్పాలంటే, కొత్త రిజిస్ట్రేషన్లు కొన్నిచోట్ల ఆపొచ్చు, పాత పాస్‌బుక్కులు చెల్లుతాయి. పైగా న్యూజెర్సీ 2022 జనవరిలో తన సొంత చట్టం చేసుకుంది.

కిమ్ డేవిస్ గుర్తుందా, కెంటకీలో లైసెన్సులు ఇవ్వనని 2015లో అయిదు రోజులు జైల్లో ఉన్న కౌంటీ క్లర్క్? ఆవిడ ఓబర్‌గఫెల్‌ని కొట్టెయ్యమని వేసిన పిటిషన్‌ని 2025 నవంబరు 10న సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు. ఈ ముక్క ముందు చెప్పండి, రాత్రి నిద్రపడుతుంది.

ఫ్రిస్కో_బాబాయ్
అనవసరంగా పెద్దావిణ్ణి భయపెడుతున్నారు. నేను రిపబ్లికన్‌కే వేస్తాను, దాచుకోను. ఆ 2022 చట్టానికి సెనేట్‌లో 61 ఓట్లొస్తే అందులో 12 మావాళ్లవే. గ్యాలప్ సర్వేలో ఇలాంటి పెళ్లిళ్లని 1996లో నూటికి 27 మంది ఒప్పుకున్నారు, 2023కి 71 అయ్యారు. దేశం మారిపోయింది. ఒకవేళ రాష్ట్రాలకే వదిలేసినా కొంప మునగదు. న్యూజెర్సీ వాళ్లు న్యూజెర్సీలో సుఖంగా ఉంటారు, టెక్సాస్ సంగతి టెక్సాస్ చూసుకుంటుంది.

ఇర్వింగ్_ఇడ్లీ
బాబాయ్ గారూ, టెక్సాస్ సంగతి టెక్సాస్ చూసుకున్నప్పుడు ఏం చేసిందో నేను చెప్తా, మీకు పాతిక మైళ్ల దూరంలోనే ఉన్నా. 1998లో హ్యూస్టన్‌లో ఇద్దరు మగవాళ్లని వాళ్లలో ఒకరి ఇంట్లోనే, పడగ్గదిలోంచి పోలీసులు పట్టుకెళ్లారు. రాత్రంతా లాకప్, తర్వాత తలా రెండొందల డాలర్ల జరిమానా. ఆ కేసే సుప్రీంకోర్టుకెళ్లి 2003లో స్వలింగ సంబంధాన్ని నేరమనే ఆ చట్టం చెల్లదని తేలింది. మీరు ఏ ఏడు అమెరికా వచ్చారో తెలీదు కానీ, 2003 అంటే మనవాళ్లు ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్లు పంచుకుంటున్న రోజులే.

నా సొంత సంగతి: నేను గే అని ఇంట్లో ఇంకా చెప్పలేదు. అక్క వాట్సాప్‌లో నా బయోడేటా తిప్పుతోంది. "అబ్బాయి ఐ-140 అప్రూవ్డ్, ఇడ్లీ పిండి తనే రుబ్బుకుంటాడు" అని రాసింది. ఐ-140 అంటే గ్రీన్‌కార్డుకి కంపెనీ వేసే అర్జీ. పిండి మాట నిజమే.

పులిహోర_ప్యాకెట్
@ఇర్వింగ్_ఇడ్లీ ఆ బయోడేటా ఇటు పంపు. మంచి అబ్బాయిలు ఈ గుంపులోనే నలుగురున్నారు.

ఇర్వింగ్_ఇడ్లీ
@పులిహోర_ప్యాకెట్ నవ్వాగట్లేదు. నిజంగానే పంపిస్తా చూడు.

జెర్సీ_మిరపకాయ్
బాబాయ్ గారూ, మీరు చెప్పిన లెక్క నిజమే, సంతోషం. కానీ ఆ సర్వేలోనే ఇంకో గీత ఉంది. రిపబ్లికన్లలో ఒప్పుకునేవాళ్లు 2021, 2022ల్లో నూటికి 55. 2025కి 41. ఎక్కిన మెట్లు దిగుతున్నారు. నాకు గుబులు అక్కడే.

రాష్ట్రాలకు వదిలేస్తే ఏమవుతుందో ఓబర్‌గఫెల్ కథలోనే ఉంది. అది ఒక మనిషి పేరు. జిమ్ ఓబర్‌గఫెల్, జాన్ ఆర్థర్, ఒహాయోలో ఇరవై ఏళ్లు కలిసి బతికారు. జాన్‌కి నరాలు చచ్చుబడే ఏఎల్ఎస్ జబ్బు వచ్చింది, మంచం దిగలేని స్థితి. ఒహాయోలో పెళ్లి కుదరదు. అందుకని డబ్బులు కూడదీసుకుని మెడికల్ విమానం మాట్లాడుకుని 2013 జులైలో మేరీలాండ్ వెళ్లారు. బాల్టిమోర్ ఎయిర్‌పోర్టులో విమానం దిగకుండా, రన్‌వే పక్కన, ఆ విమానంలోనే పెళ్లి చేసుకుని వెనక్కొచ్చారు. మూడు నెలలకి జాన్ పోయాడు. అతని డెత్ సర్టిఫికెట్‌లో భర్తగా జిమ్ పేరు ఉంచకుండా చూడాలని ఒహాయో రాష్ట్రం పోట్లాడింది. ఆ ఒక్క గడి కోసం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

మీరు చెప్పిన పద్ధతిలో న్యూజెర్సీ వాళ్లకి విమానం అక్కర్లేదు. ఇర్వింగ్‌లో ఉన్నవాళ్లకి కావాలి.

ఓటులేని_ఓబులేసు
అసలు మన హెచ్1బి ఉద్యోగ వీసా జనాలకి ఓటే లేదు. వాళ్ల కోర్టు, వాళ్ల గొడవ. మనం గ్రీన్‌కార్డు క్యూలో మన ప్రయారిటీ డేట్ చూసుకుని పడుకుంటే సరిపోదా?

ఫ్రీమాంట్_పిన్ని
ఓబులేసూ, ఓటు లేని రోజుల్లోనే నా జీవితం ఆ కోర్టు చేతిలో ఉంది. కూర్చో, చెప్తా.

1996లో క్లింటన్ సంతకం పెట్టిన డోమా అనే చట్టం ఉండేది. కేంద్రం దృష్టిలో పెళ్లంటే మగా ఆడా మాత్రమే. అంటే నేను హెచ్1బి మీద ఉన్నా నా భాగస్వామికి హెచ్4, అంటే భార్యాభర్తలకిచ్చే వీసా, రాదు. గ్రీన్‌కార్డులో తన పేరు చేర్చలేను. రేపు సిటిజన్ అయినా స్పాన్సర్ చెయ్యలేను. తను ఈ దేశంలో ఉండాలంటే స్టూడెంట్ వీసా ఒక్కటే దారి. అందుకని మూడు మాస్టర్స్ చేసింది. మొదటిది కంప్యూటర్స్, రెండోది ఫైనాన్స్, మూడోది పబ్లిక్ హెల్త్. మూడోసారి కాలేజీ అడ్మిషన్ వ్యాసంలో "ఈ సబ్జెక్టు మీద మీకు ప్రేమ ఎందుకు" అని అడిగితే, "ప్రేమ ఈ వంటగదిలోనే ఉంది, ఇడ్లీ తింటోంది" అని నేను చిత్తుకాయితం మీద రాసిచ్చా. ఇద్దరం నవ్వీ నవ్వీ ఏడ్చాం. ఫీజులకి పోయిన డబ్బుతో విజయవాడలో ఇల్లు వచ్చేది.

2013 జూన్ 26న ఈడీ విండ్సర్ కేసులో ఆ నిబంధన పోయింది. అప్పటికి ఆవిడకి 84 ఏళ్లు. భార్య థియా చనిపోతే ఇల్లాలుగా లెక్కెయ్యకుండా 3,63,053 డాలర్ల ఎస్టేట్ పన్ను కట్టమన్నారు, ఆవిడ కోర్టుకెక్కింది. ఆ ముసలమ్మ పన్ను రసీదు వల్లే మా ఆవిడ చదువు మానేసింది. ఆ ఆగస్టులో వీసాలకీ ఇదే వర్తిస్తుందని ప్రకటించారు. అదీ మనకి సంబంధం.

ఓటులేని_ఓబులేసు
పిన్నీ, హెచ్4 దాకా వస్తుందని నాకు తెలీదు. మాట వెనక్కి తీసుకున్నా. మూడు మాస్టర్స్ అంటే మామూలు విషయం కాదు.

మూసీ_మైనా
అందరు పెళ్లి పెళ్లి అంటున్నరు, మంచిదే. నేను హైదరాబాద్ల ఉంట, ట్రాన్స్ మహిళని. అమెరికాల ఉన్న మా దోస్తు ఒకామెకు పెళ్లి ఫికర్ లేదు, పాస్‌పోర్ట్ ఫికర్ ఉన్నది. ఆడా మగా అన్నకాడ పుట్టినప్పుడు ఏం రాసిన్రో అదే రాస్తమన్నరు, 2025 నవంబర్ల మీ సుప్రీంకోర్టు గూడ ఆ రూల్‌ని నడవనిచ్చింది. మిలిటరీలకెళ్లి మమ్ముల తీసేస్తున్నరు. ఆ ఏడు ఫిబ్రవరిల స్టోన్‌వాల్ స్మారకం వెబ్‌సైట్ మీద ఎల్‌జీబీటీల మా ట్రాన్స్ వాళ్ల టీ అక్షరం పీకేసిన్రు. 1969ల న్యూయార్క్ క్రిస్టఫర్ స్ట్రీట్ల ఆ స్టోన్‌వాల్ బార్ కాడ పోలీసోళ్లకు ఎదురు నిలబడ్డోళ్లల్ల మార్షా జాన్సన్ అసొంటి మావోళ్లు ఉండె. వాళ్ల పేరు మీద కట్టిన గుడిలకెళ్లి వాళ్లనే బయటకు పంపినట్టు.

జెర్సీ అక్కా, మీ అమ్మకు చెప్పేటప్పుడు ఇది గూడ చెప్పు. ముందుగాల ఎవరి ఇంటి తలుపు కొడ్తున్నరో తెలిస్తేనే, తర్వాత ఎవరిదో తెలుస్తది.

ఫ్రిస్కో_బాబాయ్
రెండూ వేరు విషయాలు కదా? పెళ్లి పెద్దవాళ్ల ఇష్టం. పాస్‌పోర్ట్, పిల్లల వైద్యం, ఆటల పోటీలు, ఇవి వేరు. అన్నీ కలిపి కట్టడం వల్లే మామూలు జనం వెనక్కి పోతున్నారు.

మూసీ_మైనా
వేరు వేరు చేసుడు మీకు సులువు బాబాయ్. 1986ల గే మనుషుల మీద కేసు సరైందే అన్నది గూడ ఇదే సుప్రీంకోర్టు, అప్పుడు గూడ "మామూలు జనం" మాటనే చెప్పిన్రు. 2003ల తప్పు ఒప్పుకున్నరు. మేం పదిహేడేళ్లు ఎదురుచూడాల్నా?

క్లాజు_కామేశ్వరి
మైనా చెప్పిన ఏళ్లు సరైనవే. ఇంకోటి కలుపుతా. 2020 జూన్‌లో బాస్టాక్ కేసులో గే అని గానీ ట్రాన్స్ అని గానీ ఉద్యోగం తియ్యకూడదని 6-3తో తీర్పొచ్చింది, రాసింది ట్రంప్ నియమించిన జస్టిస్ గోర్సచ్. వాదన చాలా చిన్నది: మగవాణ్ణి ప్రేమించిన ఆడమనిషిని ఉంచి, మగవాణ్ణి ప్రేమించిన మగమనిషిని తీసేస్తే, అది లింగ వివక్ష కాక మరేంటి? కాబట్టి ఏ జడ్జి ఎటు వేస్తాడో ముందే రాసిపెట్టుకోవద్దు. బాబాయ్ గారూ, ఆ తీర్పులో గే, ట్రాన్స్ ఇద్దరినీ ఒకే వాదన కాపాడింది. విడదియ్యడం కుదరదు.

పులిహోర_ప్యాకెట్
ఆ కేక్ కేసు ఏమైంది? సగమే విన్నా.

జెర్సీ_మిరపకాయ్
2012లో కొలరాడోలో ఇద్దరబ్బాయిలు పెళ్లికేక్ అడిగితే బేకరీ ఆయన చెయ్యనన్నాడు. 2018లో సుప్రీంకోర్టు 7-2తో ఆయన వైపు తీర్పిచ్చింది. కారణం కూడా చిన్నదే, విచారించిన రాష్ట్ర కమిషన్ ఆయన మతం పట్ల నిష్పక్షపాతంగా లేదని. అసలు ప్రశ్న అలాగే మిగిలింది. ఈ కథ చెప్తే అమ్మ "ఒక్క కేక్ కోసం ఆరేళ్లా! నాతో చెప్తే సున్నుండలు చేసిపెట్టేదాన్ని కదే" అంది. మా పెళ్లప్పుడు చెయ్యలేదని ఇప్పుడు నెలకోసారి చేస్తోంది. లూసియా రెండు కిలోలు పెరిగింది.

ఓటులేని_ఓబులేసు
మిరపకాయ్ గారూ, దీనికి సంబంధం లేని ప్రశ్న. లూసియా గారు పెరూలో పుట్టారు కదా, మరి మీ గ్రీన్‌కార్డు ఆ పొడుగాటి ఇండియా క్యూలో ఉందా, పెరూ లెక్కలోనా?

జెర్సీ_మిరపకాయ్
పెరూ లెక్కలో. భార్య పుట్టిన దేశం కింద వేసుకోవచ్చు, క్రాస్ ఛార్జబిలిటీ అంటారు. పెళ్లిని కేంద్రం గుర్తిస్తేనే అది. అప్పుడు లూసియా స్టూడెంట్ వీసా మీద ఉంది. మా పెళ్లి ఒప్పుకోడానికి అమ్మకి రెండేళ్లు పట్టింది, క్రాస్ ఛార్జబిలిటీ ఒప్పుకోడానికి రెండు నిమిషాలు. ఆ సాయంత్రమే తెనాలికి ఫోన్ చేసి "మా కోడలు అడుగుపెట్టిన వేళ, క్యూ తగ్గింది" అని చెప్పింది. "కోడలు" అన్న మాట తన నోట అదే మొదటిసారి. నేను బాత్రూమ్‌లోకెళ్లి ఏడ్చా.

ఓటులేని_ఓబులేసు
నేను 2014 నుంచి క్యూలో ఉన్నా. మా ఆవిడది ఒంగోలు.

ఫ్రీమాంట్_పిన్ని
ఓబులేసూ 😂😂

పొద్దున చెప్పడం మర్చిపోయా. 2008 నవంబరు 4 రాత్రి మా హాల్లో నలభై మందిమి. ఒబామా గెలిచాడని ఎగిరాం. అదే రాత్రి కాలిఫోర్నియాలో స్వలింగ పెళ్లి వద్దంటూ జనం ఓటుకి పెట్టిన ప్రాప్ 8 కూడా గెలుస్తోందని తెలిసింది, అంటే మా పెళ్లిళ్లకి తలుపు మూసుకుంది. ఒకే గదిలో, ఒకే గంటలో, స్వీటు నోట్లో ఉండగానే ఏడ్చాం. ఆ ఏడు జూన్‌లోనే డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండోసారి పెళ్లి చేసుకున్నారు. 2004లో చేసుకున్నదాన్ని కోర్టు రద్దుచేసింది మరి. యాభై ఏళ్లకి పైగా కలిసి బతికినవాళ్లు. రెండో పెళ్లయిన రెండు నెలలకే డెల్ పోయింది. "పెళ్లి తీసేశారా" అని ఆంటీ అడిగేది ఇక్కడ నిజంగా జరిగిందని వాళ్లని చూసిన మాకు తెలుసు.

2024 నవంబరులో ఆ ప్రాప్ 8 మాటల్ని రాష్ట్ర రాజ్యాంగంలోంచి తీసెయ్యడానికి మళ్లీ ఓటు పెట్టారు. నేనప్పటికి సిటిజన్‌ని. బ్యాలెట్ మీద ఆ గడి నింపడానికి పావుగంట పట్టింది, చెయ్యి వణికి. గెలిచాం.

కృష్ణా_కాలవ_గట్టు
నేను గుంటూరులో ఉంటాను, వయసు 63. ఏడాదిగా చదువుతున్నాను గానీ ఎప్పుడూ రాయలేదు. మా అబ్బాయి షికాగోలో ఉన్నాడు, గే. 2016లో చెప్పాడు. అప్పటికి మన దేశంలో గే సంబంధాన్ని నేరమనే 377 సెక్షన్ ఉంది. పోలీసులొస్తారేమోనని నెల రోజులు కాలింగ్ బెల్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. వాడు షికాగోలో, బెల్లు గుంటూరులో. అయినా భయమే. 2018 సెప్టెంబరు 6న అది పోయిందని టీవీలో చూసి, పక్కింటావిడ కారణం అడుగుతుంటే చెప్పలేక పాయసం మాత్రం పంపాను.

2023లో పెళ్లి హక్కు మన సుప్రీంకోర్టు ఇవ్వలేదు. ఆ కేసు వేసినవాళ్లలో హైదరాబాదు కుర్రాళ్లిద్దరున్నారు, ఆ తీర్పు రోజు వాళ్ల తల్లుల గురించే ఆలోచించాను. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కలిసి ఉంటామన్న ఇద్దరమ్మాయిల కేసులో, అది వాళ్లిష్టం, కన్నవాళ్లు అడ్డుపడొద్దంది. ఆ పేపరు ముక్క కత్తిరించి దాచాను.

అమ్మాయ్, మీ అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు. మాకు నిజం వల్ల భయం లేదు, మా వెనకాల గుసగుసలాడుకుంటే భయం. ఆవిడ తెనాలి వచ్చాక నా నంబరు ఇవ్వు. గంటలో బస్సెక్కి వస్తాను.

జెర్సీ_మిరపకాయ్
అమ్మా (అలా పిలవొచ్చు కదా), మీ మాట పట్టుకునే నిన్న రాత్రి చెప్పేశా. కామేశ్వరి రాసినదంతా తెలుగులో చదివి వినిపించా. తీర్పు సంగతి వింటుంటే మొహం బిగిసింది. పాస్‌బుక్కు పోలికకి తలూపింది. మైనా చెప్పినదీ చెప్పాను. "ఆ పిల్ల పాస్‌పోర్టు మీద దానికి లేని పేరెందుకు రాస్తారు, బుద్ధి లేదా" అని అడిగింది. పేరు కాదమ్మా అని చెప్పబోతే, "ఏదైతే ఏంలే" అంది.

విమానంలో పెళ్లి కథ దగ్గర ఆపించింది. "డెత్ సర్టిఫికెట్ మీద పేరు కోసమా?" అని రెండుసార్లు అడిగింది. నాన్న పోయినప్పుడు సర్టిఫికెట్‌లో అమ్మ పేరు తప్పు పడింది. దిద్దించడానికి ఏడు నెలలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగింది, అప్పటిదాకా ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయింది. "నా పేరు అక్షరం తప్పుపోతేనే నేను ఆయనకి ఎవరూ కానట్టు చూశారే. ఆ అబ్బాయి పేరు పూర్తిగా లేకుండానా?" అంది. లూసియాకి తెలుగు రాదు, కానీ లేచి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

ఫ్రిస్కో_బాబాయ్
ఆ విమానం సంగతి నాకు తెలీదమ్మా. నిన్నటి నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. పన్నుల విషయంలో నా ఓటు మారదు. కానీ మా సెనేటర్లకి ఈ ఒక్క విషయం మీద ఉత్తరం రాస్తా. టెక్సాస్ సెనేటర్లిద్దరూ ఆ 12 మందిలో లేరని ఇప్పుడే చూశా.

ఇర్వింగ్_ఇడ్లీ
బాబాయ్ గారూ, ఉత్తరం రాసేటప్పుడు చెప్పండి, నేనూ వస్తా. టిఫిన్ నాది.

మూసీ_మైనా
ఉత్తరంల మా టీ అక్షరం గూడ రాయున్రి బాబాయ్.

ఫ్రిస్కో_బాబాయ్
దాని మీద ఇంకా మాట్లాడుకోవాలి మైనా. టిఫిన్ దగ్గర ఫోన్ చేస్తాం, నువ్వే చెప్పు.

క్లాజు_కామేశ్వరి
మిరపకాయ్, పనికొచ్చే మాట ఒకటి. మ్యారేజ్ సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకో. పవర్ ఆఫ్ అటార్నీ, హెల్త్ ప్రాక్సీ (వైద్యం విషయంలో మన బదులు ఎవరు నిర్ణయించాలో చెప్పే కాగితం), వీలునామా కూడా రాయించుకోండి, వేరే రాష్ట్రంలో హాస్పిటల్లో పడితే అవే పనికొస్తాయి. ఒరిజినల్‌ని మాత్రం లామినేషన్ చేయించొద్దు, కొన్నిచోట్ల తీసుకోరు.

జెర్సీ_మిరపకాయ్
ఆలస్యమైంది కామేశ్వరీ. ఇవాళ పొద్దున నేను ఆఫీసుకెళ్లగానే లూసియాని వెంటబెట్టుకెళ్లి అమ్మ లామినేషన్ చేయించేసింది. తెనాలి తీసుకెళ్తుందట. బీరువాలో పట్టుచీరల కింద, పొలం కాగితాల పక్కన పెడుతుందట. రేపు సిటీ హాల్‌కెళ్లి ఇంకో మూడు కాపీలు తెస్తాను.